అప్‌డేట్: థింక్‌ప్యాడ్ ఎక్స్220 ల్యాప్‌టాప్‌లో ఎస్ఎస్‌డీ, హార్డ్‌డిస్క్ రెండూ – సమస్య తీరింది

ఎమ్‌సాటా స్లాట్‌లో (ల్యాప్‌టాప్ లోపల చిన్న కార్డులాంటి డిస్క్ పెట్టే చోటు) 128 జీబీ ఎస్ఎస్‌డీ (హార్డ్‌డిస్క్ కంటే వేగంగా పనిచేసే స్టోరేజ్) పెట్టి విండోస్ ఎక్కించినా, పాత హార్డ్‌డిస్క్ తీసేస్తే బూట్ అవ్వట్లేదని, అంటే విండోస్ మొదలే అవ్వట్లేదని, ఇంతకుముందు అడిగాను కదా, అది తేలింది. సాయం చేసిన అందరికీ థాంక్స్.

విండోస్ ఎస్ఎస్‌డీలోకే వెళ్లింది. బూట్ ఫైళ్లు మాత్రం హార్డ్‌డిస్క్‌లో ముందునుంచీ ఉన్న చిన్న పార్టిషన్‌లో (డిస్క్‌లో విడదీసిన భాగం) కూర్చున్నాయి! "హార్డ్‌డిస్క్ ఊడదీసి మళ్లీ ఇన్‌స్టాల్ చెయ్యండి" అన్న సలహానే పనిచేసింది. తర్వాత డిస్క్ తిరిగి పెట్టి, బయాస్‌లో (విండోస్ కంటే ముందు వచ్చే సెట్టింగ్స్) బూట్ అయ్యే వరసలో ఎస్ఎస్‌డీని మొదటికి తెచ్చి, ఫొటోలు, డౌన్‌లోడ్స్ హార్డ్‌డిస్క్‌కి మార్చాను.

ర్యామ్ వల్లేమో అన్న అనుమానం ఉండేది కానీ, దానికీ ఈ సమస్యకీ సంబంధమే లేదు. ఆ ఎమ్‌సాటా స్లాట్ సాటా 2 అనే పాత, తక్కువ వేగమే ఇస్తుందని టెన్షన్ పడ్డాను కానీ, వాడకంలో నాకు తేడా తెలియలేదు.

ఈ ల్యాప్‌టాప్‌కి కొత్త హార్డ్‌డిస్క్ కొనేవాళ్లు మందం 7 ఎం.ఎం. ఉందో లేదో చూసుకోండి. 9.5ది ఇందులో పట్టదు, నేను ఒకటి కొని వాపసు ఇచ్చాను.