మా కాలనీ గ్రూపు మెసేజీలను మెషీన్ లెర్నింగ్‌తో విడదీయడం ఎలా?

నాగావళి ఒడ్డు:
మాది ఒడిశాలోని రాయగడ. మా గ్రూపులో పొద్దున్నే వచ్చి పడే శుభోదయాల కింద, ఎవరో రక్తం కావాలని పెట్టిన మెసేజీ కనపడకుండా పోతోంది. అందుకే కరెంటు-నీళ్లు, రైళ్లు-బస్సులు, రక్తం, మిగతావి అని నాలుగు వర్గాలుగా విడదీసే ప్రోగ్రాము రాస్తున్నాను.

మావాళ్లు ఒక పూట తెలుగు లిపిలో రాస్తారు, మరో పూట అదే తెలుగు ఇంగ్లిష్ అక్షరాల్లో, పక్కింటాయనకు జవాబు ఒడియాలో. పదాల టీఎఫ్-ఐడీఎఫ్‌తో (అరుదైన పదాలకు ఎక్కువ విలువ ఇచ్చే లెక్క) లాజిస్టిక్ రిగ్రెషన్ (ఏ వర్గానికి ఎంత అవకాశమో చెప్పే తేలికైన మోడల్) నడిపితే కచ్చితత్వం తొంభై శాతం దాటింది. అయినా రక్తం మెసేజీలు సగం "మిగతావి"లోకే పోతున్నాయి. ఎవరైనా "వచ్చిందా?" అని ఒక్క మాట పెడితే అది కరెంటో, కుళాయో, విశాఖ రైలో దేవుడికే తెలియాలి. వాక్యంలోని సందర్భాన్ని పట్టుకునే పెద్ద భాషా మోడల్ బెర్ట్‌కు మారమంటారా? ఉన్నది పాత ల్యాప్‌టాప్, గ్రాఫిక్స్ కార్డు లేదు.

పర్లాకిమిడి లెక్కల మాస్టారు:
ఆ శాతం చూసి మురిసిపోకు నాయనా. నూటికి తొంభై మెసేజీలు "మిగతావి" అయినప్పుడు, కళ్లు మూసుకుని అన్నింటికీ అదే ముద్ర కొట్టినా తొంభై వస్తుంది. ఒక్కో వర్గానికి ప్రెసిషన్ (పట్టుకున్నవాటిలో నిజమైనవి ఎన్ని), రీకాల్ (నిజంగా ఉన్నవాటిలో పట్టుకున్నవి ఎన్ని) విడిగా చూడు. రక్తం దగ్గర రీకాలే ముఖ్యం. పది అనవసరపు హెచ్చరికలను భరించవచ్చు, ఒక్క మెసేజీ జారిపోతే భరించలేం. అక్కడి తప్పులను ఎక్కువగా లెక్కించేలా శిక్షణలో ఆ వర్గానికి బరువు పెంచు, సంభావ్యత 0.5 దాకా ఆగకుండా 0.2 దాటగానే పట్టుకోమను.

పదాలు వదిలేసి రెండు నుంచి ఐదు అక్షరాల ముక్కలు తీసుకో. ఇంగ్లిష్ అక్షరాల్లో రక్తాన్ని ఒకరు "టీ"తో, ఇంకొకరు "టీ, హెచ్"తో రాసినా ముక్కలు చాలావరకు కలుస్తాయి. 2016లో ఫేస్‌బుక్ పరిశోధకులు విడుదల చేసిన, పాఠాలను వర్గాలుగా విడదీసే ఫాస్ట్‌టెక్స్ట్ అనే సాధనంలోనూ ఈ వీలుంది. నీ ల్యాప్‌టాప్ చాలు.

గుణుపూర్ కోడర్:
పరీక్షకు మెసేజీలను ఎలా పక్కన పెట్టారు? పాతవీ కొత్తవీ కలిపేసి ఎలా పడితే అలా తీసి ఉంటే, ఒకే ఫార్వర్డు శిక్షణలోనూ పరీక్షలోనూ ఉంటుంది. ముందు నకళ్లు తీసేయండి, తర్వాత తేదీ ప్రకారం విడదీయండి: పాత నెలలతో నేర్పి, కొత్త నెలతో పరీక్షించాలి. "వచ్చిందా?"కు ఏ మోడలూ ఒంటరిగా జవాబు చెప్పలేదు. దానికి ముందున్న రెండు మూడు మెసేజీలను అతికించి ఇవ్వండి, మధ్య చాలా సమయం గడిస్తే మాత్రం వద్దు.

ఎప్పటికైనా పెద్ద మోడల్ కావాలంటే 104 భాషల బెర్ట్ జోలికి పోకండి, అందులో ఒడియా లేదు. గూగుల్ ఇండియా బృందం ఇచ్చిన మ్యురిల్ అనే బెర్ట్ తరహా మోడల్‌లో తెలుగు, ఒడియా రెండూ ఉన్నాయి; ఇంగ్లిష్ అక్షరాల్లో రాసిన భారతీయ భాషల పాఠాలతోనూ దానికి శిక్షణ ఇచ్చారు.

నాగావళి ఒడ్డు:
అక్షరాల ముక్కలతో రక్తం మెసేజీలు దాదాపు అన్నీ దొరుకుతున్నాయి, సంతోషం. కానీ "ఓ పాజిటివ్ దొరికింది, అందరికీ ధన్యవాదాలు" అన్నదానికి కూడా గంట మోగుతోంది మాస్టారూ!

పర్లాకిమిడి లెక్కల మాస్టారు:
అది ఐదో వర్గం. "దొరికింది" అని పేరు పెట్టు. అది రాగానే పాత వినతి మూసేయవచ్చు, దాతలు ఊరికే ఆసుపత్రికి పరుగెత్తరు.