మూత్రాశయంలో 32 మి.మీ. రాయి: లేజరా, పొట్ట మీద రంధ్రమా?

68 ఏళ్ల పెద్దాయన కేసు. స్కానింగ్‌లో మూత్రాశయంలో 32 మి.మీ. రాయి, ప్రోస్టేట్ గ్రంథి పెరిగి 60 గ్రాములు, మూత్రానికి వెళ్లొచ్చాక కూడా లోపల 150 మి.లీ. మిగులుతోంది. ధార సగంలో టక్కున ఆగిపోతుంది. పక్కకు ఒరిగితే మళ్లీ వస్తుంది. రాయి దొర్లి మూత్రాశయం మెడకు అడ్డుపడుతోందన్నమాట. ఎక్స్‌రేలో కనబడలేదు, కాబట్టి యూరిక్ యాసిడ్ రాయే అయ్యుండొచ్చు.

మూత్రం సులువుగా రావడానికి టామ్సులోసిన్ 0.4 మి.గ్రా. మాత్ర నడుస్తోంది. ధార కాస్త మెరుగైంది గానీ దాంతో రాయి కరగదు. (కొండపిండాకు కషాయం సలహా ఇప్పటికే పదిమంది ఇచ్చారు, దయచేసి వద్దు.)

అసలు సందేహం ఇది. మూత్రనాళం గుండా లేజర్‌తో పగలగొడితే కోత ఉండదు. కానీ ఇంత పెద్ద రాయికి చాలాసేపు పడుతుంది, స్కోపు (కెమెరా గొట్టం) పదేపదే లోపలికీ బయటికీ తిరిగితే తర్వాత నాళం సన్నబడే ప్రమాదం ఉంది. బొడ్డు కింద చిన్న రంధ్రం పెట్టి తీస్తే పెద్ద ముక్కలు కూడా త్వరగా వచ్చేస్తాయి, కాకపోతే అక్కడో పైపు ఉంచాల్సి రావచ్చు. ఈ సైజుకు మీరైతే ఏది ఎంచుకుంటారు? ప్రోస్టేట్‌కు టీయూఆర్‌పీ (మూత్రనాళం గుండా గ్రంథిని చెక్కి తీసే ఆపరేషన్) కూడా అదే మత్తులో చేసేస్తారా? దాన్ని వదిలేస్తే మిగులు మూత్రంలో మళ్లీ రాయి కట్టొచ్చు కదా.

ఇంకొకటి: రక్తం గడ్డకట్టకుండా క్లోపిడోగ్రెల్ వాడుతున్నారు, మూత్రం కల్చర్‌ పరీక్షలో ఈ.కోలై బ్యాక్టీరియా వచ్చింది. యాంటీబయాటిక్ ఎన్ని రోజులు పడ్డాక ఆపరేషన్‌కు తీసుకుంటారు?