అప్‌డేట్: ముందు పళ్ళ సందుకి చివరికి బాండింగే చేయించేశా

మొన్న అడిగాను కదా, ముందు రెండు పళ్ళ మధ్య సందుకి వెనీర్లా (పంటి ముందు అతికించే పల్చటి పెంకులు), బ్రేసెస్సా, బాండింగా (పంటిరంగు ముద్ద పెట్టి సందు పూడ్చడం) అని. బాండింగే చేయించేశానండి. మా వైజాగ్ ద్వారకానగర్‌లో మొదట వెళ్ళిన చోట సరిగ్గా చూడకుండానే వెనీర్లు వేసేద్దాం అన్నారు, దానికి పంటి గట్టి పైపొర, అదే ఎనామిల్, అరగదీస్తే మళ్ళీ రాదని మాటమాత్రం చెప్పలేదు, నచ్చక వచ్చేశా. ఎంవీపీ కాలనీలో ఇంకో డాక్టరమ్మ పై పెదవి ఎత్తి, లోపల చిగురుకి అతుక్కున్న ఆ తీగలాంటి కండ పళ్ళ మధ్యకి దిగిందేమో చూసి, చిగుళ్ళు చూసి, సందు 2 మిల్లీమీటర్లలోపే, పళ్ళు కదలట్లేదు, కాంపోజిట్ (బాండింగ్‌కి వాడే ఆ పంటిరంగు ముద్ద) చాలన్నారు.

మత్తింజక్షన్ కూడా లేదు. జెల్ రాసి కడిగి, ముద్దలాంటిది కొంచెం కొంచెం పెడుతూ నీలం లైటు కొట్టడం, తర్వాత పాలిష్, గంటలో అయిపోయింది. రెండ్రోజులు నాలుక ఊరికే అక్కడికే పోయేది. "స" అంటే వచ్చే ఈల మాత్రం పోయింది 😄 అమ్మేమో సందుంటే అదృష్టం కదే, ఎందుకు పూడ్పించుకున్నావ్ అని ఒకటే గోల.

టీకి, పసుపుకి రంగు మారొచ్చట, కొన్నేళ్ళకి టచప్ తప్పదట. ముందు పళ్ళతో గట్టివి కొరకొద్దన్నారు, ఇక బీచ్ రోడ్డులో మొక్కజొన్న పొత్తు గింజలు ఒలుచుకుని తినడమే.