శ్రీగంధానికి తోడుగా ఏ చెట్టు పెట్టాలి?

మాది అనంతపురం జిల్లా, ఎర్రనేల. శ్రీగంధం వేర్లు పక్క మొక్కల వేర్లను పట్టుకుని నీళ్లు, పోషకాలు లాగుతాయి కదా, అందుకని మొక్కల పక్కనే కంది వేశాం. అప్పుడు చక్కగా లేచాయి. కంది ఎండిపోయాక కొత్త ఆకులు పసుపు తిరిగి చిన్నగా వస్తున్నాయి. కాస్త తవ్వి చూస్తే గంధం వేరు చిన్న బిళ్లలా కంది వేరుకు అతుక్కునే ఉంది, కానీ ఆ కంది వేరు పుచ్చిపోయింది. చూస్తుంటే చాలా టెన్షన్‌గా ఉంది.

ఇప్పుడు ఏళ్ల తరబడి నిలిచే తోడు కావాలి. సరుగుడు, కానుగ రెండూ నేలకు నత్రజని చేర్చేవే. కానుగ దట్టంగా కమ్మేస్తే గంధానికి ఎండ తగలదేమో, సరుగుడుకు మా బోరు నీళ్లు చాలవేమో అని భయం. ఏది మంచిది, ఎంత దూరంలో నాటాలి? అది ఎదిగేదాకా మళ్లీ కంది వేయమంటారా? గంధం పెంచుతున్నవాళ్లు దయచేసి చెప్పండి.