గైడ్ రన్నర్‌గా మొదటి వారం, పడింది నేనే. తెలిసినవాళ్ళు కాస్త చెప్పండి

కపిలతీర్థం రోడ్డు:
అందరికీ నమస్తే. నాది తిరుపతి. మందుల షాపులో పని. ఎస్వీ యూనివర్సిటీ గ్రౌండ్‌లో పొద్దున్నే పరుగెత్తడం ఆరేళ్ళ అలవాటు. పొట్ట తగ్గాలని మొదలుపెట్టాను. పొట్ట అట్లే ఉంది, పరుగు మాత్రం ఆగలేదు.

పోయిన నెల అక్కడే ఒక డిగ్రీ కుర్రాడు పరిచయమయ్యాడు. చూపు అస్సలు లేదు. 1500 మీటర్లు పరుగెత్తుతాడు. ఇన్నాళ్ళూ చిన్న తాడు చెరో కొస పట్టుకుని, దారి చెప్తూ అతనితో పరుగెత్తిన సీనియర్‌కు (గైడ్ అంటే అదే) బెంగళూరులో ఉద్యోగం వచ్చి వెళ్ళిపోయాడంట. "అన్నా, మీరు రోజూ వస్తారు కదా, తాడు పట్టుకుంటారా?" అని అడిగాడు. తాడు పట్టుకోవడమే కదా, దానిదేముంది అనుకుని సరేనన్నాను.

ఆదివారం గ్రౌండ్ గేటు దాటి రోడ్డు మీదికి వచ్చాం. ముందు కాలువ మీద బండ విరిగిపోయి ఉంది. నేను "జాగ్రత్త, జాగ్రత్త!" అని అరిచాను. అతను ఉన్నచోటే టక్కున ఆగిపోయాడు. తాడు లాగేసింది, నేను బోర్లా పడ్డాను. మోకాలు దోక్కుపోయింది. అతను నన్ను లేపి, నవ్వు ఆపుకుంటూ "అన్నా, జాగ్రత్త అంటే నేనేం చెయ్యాలి? ఆగాలా, ఎగరాలా, పక్కకు పోవాలా?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

ఇప్పుడు నా సందేహాలు. ఎలాంటి తాడు వాడాలి? పరుగులో ఏం మాట్లాడాలి? అన్నిటికన్నా పెద్దది మూడోది. అతని టైం 5 నిమిషాల 10 సెకన్లు, నాది 5.50. జనవరిలో అతనికి పోటీలున్నాయి. చివరి లాపులో నేనే అతనికి బరువైపోతానేమోనని టెన్షన్‌గా ఉంది. రాత్రుళ్ళు నిద్ర కూడా సరిగా పట్టడం లేదు.

చిత్తూరు పీఈటీ:
మూడోదానికి ముందు చెప్తాను, ఏమనుకోకండి. పోటీకి మీరు పనికిరారు. గైడ్ అంటే అథ్లెట్ కన్నా బాగా వేగంగా పరుగెత్తగలిగి, ఆ పైన మాట్లాడటానికి కూడా ఊపిరి మిగిలుండాలి. 5000 మీటర్లకూ ఆ పైన దూరాలకూ అయితే ఇద్దరు గైడ్‌లను పెట్టుకోనిస్తారు, 1500కు ఒక్కరే.

ఇక రూల్స్. చూపు ఎంత ఉందన్నదాన్ని బట్టి పోటీల్లో వర్గాలుంటాయి. పూర్తిగా చూపు లేనివాళ్ళది టీ11. అందులో గైడ్ తప్పనిసరి, 1500లో అయితే అందరూ కళ్ళకు గంతలు కట్టుకోవాలి. కాస్త చూపున్న టీ12లో గైడ్ కావాలంటే పెట్టుకోవచ్చు. అంతకన్నా ఎక్కువ చూపున్న టీ13లో గైడ్ ఉండరు. గైడ్ అథ్లెట్‌ను లాగకూడదు, నెట్టకూడదు. ముగింపు గీతను ముందుగా దాటాల్సింది అథ్లెట్, గైడ్ కాదు. కొత్తవాళ్ళు ఇక్కడే పొరపాటు చేస్తారు. ఉత్సాహంలో చివరి రెండడుగులు తామే ముందు వేసేస్తారు.

తాడు సాగకూడదు. ఎలాస్టిక్ వద్దు. మేం పాత బూటు లేసును రెండు పేటలు చేసి, రెండు కొసలకూ ఉచ్చులు వేసి ప్రాక్టీస్ చేయిస్తాం. ఇద్దరి చేతులూ కలిసి ఊగాలి కాబట్టి అతని కుడి కాలు పడేటప్పుడు మీ ఎడమ కాలు పడాలి. ముందు నిలబడి చేతులు ఊపండి, తర్వాత నడవండి, పరుగు ఆ తర్వాత.

గీత దాటేదాకా తాడు వదలకూడదు. 2024 పారిస్ పారాలింపిక్స్‌లో టీ12 మారథాన్‌లో స్పెయిన్ అమ్మాయి ఎలెనా కాంగోస్ట్ మూడో స్థానంలో వస్తోంది. ఇంక కొన్ని మీటర్లుందనగా గైడ్‌కు కండరాలు పట్టేసి పడిపోబోయాడు. ఆమె తాడు వదిలి అతన్ని పట్టుకుంది, అంతే. ఆ రోజు మెడల్ పోయింది. వెనక వచ్చే ఆమెకు మూడు నిమిషాల పైన తేడా ఉన్నా లెక్కలోకి తీసుకోలేదు. నాకిప్పటికీ ఆ తీర్పు మింగుడుపడదు, కానీ పిల్లలకు మాత్రం "వదలొద్దు" అనే చెప్తాను. అదే పారిస్‌లో మన సిమ్రన్ శర్మ 200 మీటర్ల టీ12లో కాంస్యం గెలిచింది. పక్కన పరుగెత్తిన గైడ్ అభయ్ సింగ్.

పుత్తూరు టాక్‌బ్యాక్:
నాకూ చూపు లేదు. ఫోన్ చదివి వినిపిస్తే వింటున్నాను. మీరు పడిన దగ్గర రెండుసార్లు విన్నాను, క్షమించాలి.

పదేళ్ళు పరుగెత్తాను. నలుగురు గైడ్‌లు మారారు. వాళ్ళలో ఇద్దరు మంచి రన్నర్లే, కానీ నోరు మంచిది కాదు. అంటే తిట్టేవాళ్ళని కాదు. "అటు", "ఇటు", "చూసుకో", "అయ్యో" అనేవాళ్ళు. ఇటు అంటే ఎటు? మీరు చెయ్యి చూపిస్తున్నారేమో, ఆ చెయ్యి నాకేం తెలుస్తుంది? "అయ్యో" అన్నారంటే నా రెండు కాళ్ళూ బిగుసుకుపోతాయి. ఆ తర్వాత చూస్తే అక్కడ ఉండేది పడుకున్న కుక్క, అదీ మూడు లేన్ల అవతల.

నాకు కావలసిన మాటలు చాలా తక్కువ. కుడి. ఎడమ. ఎక్కు. దిగు. ఆగు. మలుపు వస్తుంటే "మూడు, రెండు, ఒకటి, మలుపు". మలుపు అయిపోతే "నేరుగా". ముందు ఎవరైనా ఉంటే "ఒకడు, నాలుగడుగులు". దాటాలంటే ఇద్దరం పట్టేంత ఖాళీ ఉందో లేదో మీరే చూడాలి, అది నాకు వదలొద్దు. నేల మెత్తగా ఉందా గట్టిగా ఉందా నా పాదానికి తెలుసు, దానికి వ్యాఖ్యానం అక్కర్లేదు. రాత్రి వాన పడి లోపలి లేన్‌లో నీళ్ళు నిలిచుంటే అది మాత్రం ముందే చెప్పండి.

ఇంకొకటి. మా మొదటి గైడ్ ప్రతి లాపుకూ "సూపర్, సూపర్" అనేవాడు. ఒకరోజు టైం అడిగితే ముందురోజు కన్నా 9 సెకన్లు ఎక్కువ. ఆ రోజునుంచి అతని సూపర్‌ను నమ్మలేదు. టైం చెప్పండి, చాలు.

వీలైతే మీరే కళ్ళకు తువ్వాలు కట్టుకుని, ఎవరినైనా తాడు పట్టుకోమని ఒక లాపు తిరిగి రండి.

కపిలతీర్థం రోడ్డు:
ఇద్దరికీ థాంక్స్. పీఈటీ మేడం మాట మొదట గుచ్చుకుంది, నిజం చెప్పాలంటే.

నిన్న తువ్వాలు కట్టుకున్నాను. షాపులో నాతో పనిచేసే అబ్బాయి తాడు పట్టుకున్నాడు. లాపు కాదు కదా, 200 మీటర్లకే చొక్కా తడిసిపోయింది. వాడు పాపం "కొంచెం ఎడమ, కొంచెం ఎడమ" అంటూనే ఉన్నాడు. కొంచెం అంటే ఎంత? అడుగా, జానెడా? ఆ మాట మీ లిస్టులో చేర్చుకోండి సార్.

సాయంత్రం కుర్రాడికి ఉన్నమాట చెప్పేశాను, పోటీకి నా వేగం చాలదని. చాలా నొచ్చుకుంటాడేమోనని అనుకున్నాను. "తెలుసన్నా. మొదటిరోజు రెండో లాపులోనే మీ ఊపిరి వినిపించింది. మీరే చెప్తారని చూస్తున్నాను" అన్నాడు. హాస్టల్‌లో 4.30లో పరుగెత్తే పీజీ అబ్బాయి ఒకడున్నాడు, అతన్ని అడిగాం, ఒప్పుకున్నాడు. వారంలో మూడు రోజులు నెమ్మదిగా చేసే దూరం పరుగులకు నేను. మిగతా రోజులు అతను.

మేడం, పీజీ అబ్బాయి నాకన్నా చాలా పొడుగు. కుర్రాడు అతని భుజం దాకా వస్తాడంతే. తాడు పొడవు మార్చాలా?

చిత్తూరు పీఈటీ:
తాడు జోలికి పోకండి. పొడుగువాడినే చెయ్యి కాస్త కిందికి దించి ఊపమనండి, అడుగు చిన్నది చేసుకోమనండి. సర్దుకోవాల్సింది గైడే. రెండు వారాలు పడుతుంది. జనవరికి టైం ఉంది.

పుత్తూరు టాక్‌బ్యాక్:
"కొంచెం" చేర్చాను. మోకాలు ఎట్లా ఉంది?