చెట్టుకు నాచు ఏ వైపున పడుతుంది, ఎందుకు?

ప్రశ్న:
నాచు చెట్టుకు ఉత్తరం వైపునే పడుతుందని, అడవిలో దారి తప్పినవారు దాన్ని చూసి దిక్కు తెలుసుకోవచ్చని చాలాచోట్ల చదివాను. అయితే నేను గమనించిన చెట్లలో కొన్నింటికి మానంతా చుట్టూ నాచు ఉంది, కొన్నింటికి కొమ్మలు చీలే చోట మాత్రమే ఉంది, వాటి పక్కనున్న మరికొన్నింటికి అసలే లేదు. ఈ తేడాలకు కారణమేమిటి? నాచు వల్ల చెట్టుకు హాని ఉంటుందా?

మొదటి సమాధానం:
నాచు వెతుక్కునేది దిక్కును కాదు, తడిని. దానికి నిజమైన వేళ్లు లేవు; వేళ్లలా కనిపించే సన్నని పోగులు, అంటే మూలతంతువులు, ముఖ్యంగా బెరడును పట్టుకొని నిలవడానికే పనికివస్తాయి. చాలావరకు ఒకే కణం మందం ఉండే ఆకులే వాన నీటిని, మంచును నేరుగా పీల్చుకుంటాయి, అంతే త్వరగా ఎండిపోతాయి కూడా. పైగా పురుష బీజకణాలు స్త్రీ బీజకణాన్ని చేరాలంటే నీటి పొరలో ఈదుకుంటూ వెళ్లాలి. అందువల్ల ఆలస్యంగా ఆరే చోటే దానికి అనుకూలం. కర్కటరేఖకు ఉత్తరాన మధ్యాహ్న సూర్యుడు ఏడాది పొడవునా దక్షిణం వైపే ఉంటాడు కాబట్టి మానుకు ఉత్తరపు వైపు ఎక్కువసేపు నీడలో, తేమగా ఉంటుంది. మకరరేఖకు దక్షిణాన ఇది తారుమారవుతుంది. ఈ రెండు రేఖల మధ్య సూర్యుడు కొంతకాలం ఒకవైపు, కొంతకాలం మరోవైపు ఉండడం వల్ల ఆ తేడా చాలావరకు చెరిగిపోతుంది. దట్టమైన అడవిలోనైతే ఎటు చూసినా నీడే. నాచును నమ్మి దారి ఎంచుకోవడం ప్రమాదకరమని నా దృఢమైన అభిప్రాయం.

రెండవ సమాధానం:
పై వివరణకు బెరడు సంగతి కూడా చేర్చాలి. గరుకైన, పగుళ్లున్న బెరడు నీటిని నిలుపుతుంది, గాలిలో వచ్చిన సిద్ధబీజాలకు (నాచు కొత్తగా మొలవడానికి కారణమయ్యే సూక్ష్మ కణాలకు) చోటిస్తుంది. జామ, యూకలిప్టస్ వంటి చెట్లు పై బెరడును పొరలుగా రాలుస్తాయి కనుక వాటిపై నాచు నిలదొక్కుకోవడం కష్టం. బెరడులోని ఆమ్లగుణాన్ని బట్టి కూడా ఏ జాతి నాచు పెరుగుతుందో మారుతుంది. కొమ్మలు చీలే చోట వాన నీరు, దుమ్ము, కుళ్లిన ఆకులు చేరతాయి. వంగిన మానుకైతే వాన ఎక్కువగా తగిలే పైభాగాన్నే చూడండి, అది ఏ దిక్కుకు ఉన్నా సరే.

మూడవ సమాధానం:
హాని గురించి అడిగారు. నాచు తన ఆహారాన్ని తానే తయారుచేసుకుంటుంది, చెట్టు రసాన్ని పీల్చదు. గీకి తీసేస్తే బెరడు దెబ్బతినడమే మిగులుతుంది. అయితే చెట్టు నీరసించి ఆకులు పలచబడినప్పుడు కొమ్మలకు వెలుతురు ఎక్కువగా తగిలి, వాటిపై నాచు మునుపటికంటే పెరగవచ్చు. అలాంటప్పుడు నాచును తప్పుపట్టకుండా, చెట్టు వేళ్లను, నేలలో నీరు నిలిచే తీరును పరిశీలించండి.