మన ఫుట్‌బాల్ అమ్మాయిల పాత ఆసియా కప్ రజతాలు లెక్కలోకి వస్తాయా రావా? (2025 జూలై)

పాత_రేడియో:
థాయ్‌లాండ్ మీద వాళ్ల చియాంగ్ మాయ్‌లోనే 2-1. సంగీతా బాస్ఫోర్ రెండు గోల్స్. 2026 ఆసియా కప్‌కి వెళ్తున్నాం, సంతోషం. కానీ నిన్నటి నుంచి అందరూ ఇంతకుముందు మనకేమీ లేనట్టే రాస్తున్నారు. 1980లో కాలికట్‌లో ఇదే కప్ ఫైనల్ ఆడాం, 1983లో మళ్లీ ఆడాం. మధ్యలో 1981లో మూడో స్థానం. ఆ టీమ్‌లో ఆడిన శాంతి మల్లిక్‌కి అర్జున అవార్డు ఊరికే ఇచ్చారా?

కార్నర్_కిక్:
అన్నా, కాలికట్‌లో ఇండియా పేరుతో రెండు జట్లు దిగాయి. ఉత్తరం ఒకటి, దక్షిణం ఒకటి. ఫైనల్లో చైనీస్ తైపీ (తైవాన్) చేతిలో 2-0తో ఓడింది దక్షిణం జట్టు. ఆస్ట్రేలియా నుంచి వచ్చింది కూడా దేశం జట్టు కాదు, వెస్టర్న్ ఆస్ట్రేలియా. చైనా 1986లో తొలిసారి వచ్చి కప్పు ఎత్తుకెళ్లింది. ఇప్పుడు ఓడించిన థాయ్‌లాండ్ 2015, 2019 ప్రపంచకప్‌లు ఆడిన జట్టు. రెంటినీ ఒకే గాటన కట్టొద్దు.

పాత_రేడియో:
చైనా రాకపోతే మనవాళ్ల తప్పా? వచ్చినవాళ్లతో ఆడారు. దక్షిణాసియా దేశాల కప్పు శాఫ్‌లో 2010 నుంచి 2019 దాకా ఐదు కప్పులు గెలిచాం, అక్కడ మాత్రం జపాన్ వచ్చిందా?

కార్నర్_కిక్:
శాఫ్ మాట ఎత్తకండి. 2022, 2024 రెండూ బంగ్లాదేశ్ పట్టుకుపోయింది.

సైడ్_బెంచ్:
హైలైట్స్ ఎక్కడ దొరుకుతాయో చెప్పి పుణ్యం కట్టుకోండి.

ఇందూరు_అక్క:
మా అమ్మాయి జిల్లాకి ఆడింది. సెలెక్షన్స్‌కి పొద్దున్నే రమ్మన్నారు. మగపిల్లల మ్యాచ్ అయ్యేదాకా గట్టు మీద కూర్చోబెట్టి, గోల్ నెట్లు విప్పేశాక గ్రౌండ్ ఇచ్చారు. అబ్బాయిల పాత జెర్సీలు, వాటి చేతులు మోచేతులు దాటి వేలాడుతున్నాయి. గోల్ పడిందా పక్కకి పోయిందా అని రెఫరీతో గొడవ. ఇప్పుడు టీమ్‌లో ఉన్న సౌమ్య గుగులోత్ మా నిజామాబాద్ పిల్లే, ఎంత దాటుకొని పోయిందో మాకు తెలుసు. మీరు రజతాలు తూకం వేసుకుంటున్నారు.

కార్నర్_కిక్:
బాధ అర్థమైంది అక్కా, కానీ ఇక్కడ చర్చ దాని గురించి కాదు.

పాత_రేడియో:
దాని గురించే! నువ్వు ఆ రజతాల్ని కొట్టేస్తే ఎవరికి లాభమో ఆలోచించావా? ఆసియాలో రెండో స్థానంలో ఉన్న జట్టుని మ్యాచ్‌లే లేకుండా ఎండగట్టారు. 2009లో ఫిఫా ర్యాంకింగ్స్ నుంచే పేరు తీసేసింది. మగవాళ్ల నేషనల్ లీగ్ 1996లో పెట్టారు, ఆడవాళ్లకి 2017 దాకా దిక్కులేదు. మొదట్లో ఏమీ లేదంటే చెడగొట్టినవాడు కూడా లేనట్టే.

కార్నర్_కిక్:
అరవకండి. నా భయం దానికి సరిగ్గా ఉల్టా. ఆ రోజుల్లో టీమ్‌ని నడిపింది 1975లో పెట్టిన వేరే మహిళా ఫెడరేషన్. ఇప్పటి ఫెడరేషన్ వాళ్లు ఆ పాత ఫోటోలు వేసుకొని "మా ఘన చరిత్ర" అంటారు, మీలాంటివాళ్లు చప్పట్లు కొడతారు. ఈ పిల్లల గెలుపు కూడా రేపు అదే గోడకెక్కుతుంది.

పాత_రేడియో:
నేను చప్పట్లు కొట్టానా? ఎక్కడ?

ఇందూరు_అక్క:
2022లో ఆసియా కప్ మన దగ్గరే పెట్టారు. ఇరాన్‌తో 0-0, తర్వాత కోవిడ్‌తో టీమే తప్పుకోవాల్సి వచ్చింది. ఆడిన ఒక్క మ్యాచ్ కూడా రద్దు. అది ఏ గోడకెక్కించారు? మార్చిలో ఆస్ట్రేలియా వెళ్లేలోపు వీళ్లకి గట్టి జట్లతో ఫ్రెండ్లీలు ఎన్ని పెడతారో అది అడగండి ముందు.

సైడ్_బెంచ్:
రెండో గోల్ హెడరా?